ట్రయాథ్లాన్ కోసం ఫ్రీస్టైల్: విజయవాడ పూల్ గట్టు మీద తరచుగా అడిగే ప్రశ్నలు

పొద్దున్నే ఐదున్నర బ్యాచ్‌లో ఈమధ్య ఒక కొత్త రకం మనుషులు కనిపిస్తున్నారు. పరుగు బాగా వచ్చు. ఆదివారం కరకట్ట రోడ్డు మీద సైకిలేసుకుని అమరావతి దాకా వెళ్లొస్తారు. చేతికి ఖరీదైన వాచీ. నీళ్లలోకి దిగితే మాత్రం రెండు లెంగ్త్‌లకే (పూల్ ఈ గోడ నుంచి ఆ గోడకి ఒక లెంగ్త్) గట్టు పట్టుకుని రొప్పుతుంటారు. నాలుగేళ్ల కిందట నేనూ ఆ మనిషినే. ట్రయాథ్లాన్ అంటే ఈత, సైకిలు, పరుగు ఒకే రేసులో వరసగా చేయడం. అందులో ఇప్పటికి ఒలింపిక్ దూరం రెండుసార్లు, అంతకంటే పెద్దదైన హాఫ్ ఐరన్‌మ్యాన్ ఒకసారి పూర్తి చేశాను. ఈతలో ఇప్పటికీ వెనక వరసలోనే ఉంటాను, ఆ విషయంలో దాపరికం ఏమీ లేదు. నేను కోచ్‌ని కాదు. మా మాస్టారు నాకు చెప్పినవి, నేను చేసి చూసినవి, బట్టలు మార్చుకునే గదిలో అందరూ నన్ను అడిగేవి కలిపి ఇక్కడ రాస్తున్నాను.

నాకు ఈత వచ్చు. చిన్నప్పుడే కాలవలో నేర్చుకున్నాను. మళ్లీ కోచ్ ఎందుకు?

నేనూ రైవస్ కాలువలోనే నేర్చుకున్నాను. నడుముకి బెండు కట్టి మా బాబాయి నీళ్లలోకి తోశాడు, ఓ పది రోజులకి బెండు విప్పేశాడు. ఆ ఈతని తక్కువ చేయను. అది ప్రాణం కాపాడే ఈత. కానీ కాలవలో నీళ్లు మనల్ని మోసుకుపోతాయి. ఎటు పోతున్నామో చూసుకోవడానికి తల పైకెత్తి ఉంచుతాం, ఊపిరి బిగబట్టి నాలుగు బారలు వేసి ఒడ్డు పట్టుకుంటాం. అక్కడికి అది చాలు.

‘ఈతకు మించిన లోతు లేదు’ అంటారు. నిజమే, ఈత వచ్చినవాడికి లోతు ఎంతైనా ఒకటే. దూరం అలా కాదు. కాలవలో వచ్చిన అలవాట్లు 30 మీటర్ల దాకా ఎవరికీ తెలియవు, 300 మీటర్ల దగ్గర అన్నీ ఒకేసారి బయటపడతాయి. పైగా మనం నీళ్లలో ఎలా ఉన్నామో మనకి కనపడదు. నా కాళ్లు తిన్నగా వెనక తేలుతున్నాయని నేను ఒట్టేసి చెప్పేవాణ్ణి. వీడియోలో చూస్తే నా మోకాళ్లు బావిలో చేదలాగా కిందకి వేలాడుతున్నాయి. కోచ్ ఉన్నది ముఖ్యంగా ఇందుకే.

రేసులో అసలు ఎంత ఈదాలి?

స్ప్రింట్ దూరమైతే 750 మీటర్లు, ఒలింపిక్ దూరమైతే 1500, హాఫ్ ఐరన్‌మ్యాన్‌కి 1.9 కిలోమీటర్లు, పూర్తి ఐరన్‌మ్యాన్‌కి 3.8. మన 25 మీటర్ల పూల్‌లో లెక్కేసుకుంటే వరసగా 30, 60, 76, 152 లెంగ్త్‌లు.

కాగితం మీద అంకెలు చూస్తే ఏమీ అనిపించదు గానీ, ప్రకాశం బ్యారేజీ మీద సీతానగరం వైపు నుంచి నడిచి రండి. దాని పొడవు 1,223 మీటర్లు. ఒలింపిక్ దూరం ఈత అంటే బ్యారేజీ ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్లి, ఇంకా పావు వంతు వెనక్కి రావడం. నేను మొదటిసారి రేసుకి పేరిచ్చిన రోజు సాయంత్రం అలా నడిచి చూశాను. చూడకుండా ఉండాల్సింది, ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

హాఫ్ మారథాన్ పరిగెడతాను. ఈతలో 50 మీటర్లకే ఆయాసం ఎందుకు వస్తుంది?

నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. స్టామినా లేక కాదు. రెండు కారణాలున్నాయి.

మొదటిది ఊపిరి. పరిగెత్తేటప్పుడు గాలి వదలడం గురించి ఎవరూ ఆలోచించరు, దానంతటదే జరుగుతుంది. ముఖం నీళ్లలో పెట్టగానే మనిషి భయంతో ఊపిరి బిగబడతాడు. పక్కకి తిరిగినప్పుడు ఆ అర సెకనులో పాత గాలి వదలాలి, కొత్త గాలి పీల్చాలి. రెండూ కుదరవు. సగం వదిలి సగం పీలుస్తాం. అలా పది బారలయ్యేసరికి ఊపిరితిత్తుల నిండా వాడేసిన గాలే ఉంటుంది. ఆ ఉక్కిరిబిక్కిరి ఆక్సిజన్ తగ్గినందుకు కాదు, ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకున్నందుకు వస్తుంది. అందుకే మందు గాలి ఎక్కువ పీల్చడంలో లేదు, ఎక్కువ వదలడంలో ఉంది. ముఖం నీళ్లలో ఉన్నంతసేపూ ముక్కులోంచి, నోట్లోంచి బుడగలు పోతూనే ఉండాలి. తిరిగేసరికి లోపల ఖాళీ ఉంటే గాలి దానంతటదే వచ్చి నిండుతుంది.

మా మాస్టారు మొదటి వారం నాతో ఒక్క లెంగ్త్ కూడా ఈత కొట్టించలేదు. లోతు తక్కువున్న వైపు నిలబెట్టి, మునిగి ‘ఊ…’ అని హమ్ చేస్తూ బుడగలు వదలమన్నారు. పైకి లేవాలి, ఒక్క గుటక గాలి, మళ్లీ మునక. ఇరవై సార్లు, తర్వాత ముప్పై సార్లు. పక్క లేన్‌లో ఆరేళ్ల పిల్లలు కూడా అదే చేస్తున్నారు. ఒక పిల్ల నన్ను చూసి వాళ్లమ్మతో ‘ఆ అంకుల్‌కి ఇంకా రాలేదు’ అని గట్టిగానే చెప్పింది. ఎనిమిదో రోజు ఫ్రీస్టైల్ మొదలుపెడితే, అంతకుముందు రెండు లెంగ్త్‌లకి ఆగేవాణ్ణి ఆరు లెంగ్త్‌లు ఆగకుండా పోయాను. నేనే నమ్మలేదు.

రెండో కారణం నీళ్లే. గాలి కంటే నీళ్లు దాదాపు 800 రెట్లు చిక్కన. వేగం రెట్టింపు చేయబోతే నీళ్లు అడ్డుపడే బలం సుమారు నాలుగు రెట్లవుతుంది. పరుగులో ఇంకాస్త కష్టపడితే ఇంకాస్త ముందుకి వెళ్తాం. ఈతలో శరీరం వంకరగా ఉన్నంతకాలం ఎంత బలం పెట్టినా ఆ కష్టమంతా నీళ్లని పక్కకి నెట్టడానికే పోతుంది. జిమ్‌కి వెళ్లే కుర్రాళ్లు పూల్‌లో వెనకబడిపోయి, బక్కగా ఉన్న స్కూలు పిల్లలు చేపల్లా దూసుకుపోయేది ఇందుకే.

కాళ్లు మునిగిపోతున్నాయి. ఏం చేయాలి?

ముందు తల సంగతి చూసుకోండి. మన ఒంట్లో తేలే భాగం ఛాతీ, ఎందుకంటే అందులో గాలుంటుంది. బరువు నడుము దగ్గర, తొడల్లో ఉంటుంది. అందుకని మామూలుగానే కాళ్లు కిందకి దిగుతాయి. దానికి తోడు తల ఎత్తితే ఏతాం ఎత్తినట్టే, ఒక కొస లేస్తే రెండో కొస దిగుతుంది. (ఏతాం చూడని వయసువాళ్లు పార్కులో పిల్లలు ఎక్కే ఊగుడుబల్లని తలుచుకోండి.)

చూపు ఎదురుగా గోడ మీద కాదు, పూల్ అడుగున ఉన్న నల్ల గీత మీద ఉండాలి. మెడ వెనక ముడత పడకూడదు. ఛాతీని కొద్దిగా నీళ్లలోకి ఒత్తినట్టు అనుకుంటే నడుము పైకి వస్తుంది. పరుగు, సైకిలు చేసేవాళ్లకి ఇంకో గొడవ ఉంటుంది, చీలమండలు బిగుసుకుపోయి ఉంటాయి. పాదం వెనక్కి చాచి ఉండాల్సింది పోయి, కొక్కెంలా కిందకి వంగి ఉంటుంది. అది లంగరు వేసినట్టే. ఇంట్లో టీవీ చూస్తూ మడమల మీద కూర్చుని, వజ్రాసనంలో లాగా, రోజూ రెండు నిమిషాలు ఉండండి. నొప్పి పుడితే ఆపేయండి.

కిక్ గట్టిగా కొట్టాలా?

వద్దు. తర్వాత సైకిలు తొక్కాలి, పరిగెత్తాలి. తక్కువ దూరాల పోటీ ఈతగాళ్లు రెండు చేతులూ ఒకసారి తిరిగేలోపు ఆరు కిక్‌లు కొడతారు. మనకి రెండు చాలు, చేతికొక కిక్. తుంటి నుంచి మెల్లగా, మోకాలు వదులుగా. మోకాలు నుంచి సైకిలు తొక్కినట్టు కొట్టే కిక్ మనల్ని వెనక్కే లాగుతుంది.

చేతిని నీళ్లలో ఎలా పెట్టాలి, ఎలా లాగాలి?

ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవండి. నేను ఏడాది పాటు తప్పు చేసింది ఇక్కడే.

ఒకరోజు మాస్టారు ఫోన్‌ని వాటర్‌ప్రూఫ్ కవర్‌లో పెట్టి, లేన్ చివర నీళ్లలోకి ముంచి నా మీదకి తిప్పి పట్టుకున్నారు. తర్వాత గట్టు మీద కూర్చుని ఆ వీడియో చూపించారు. నా ఎడమ చెయ్యి తల ముందుకొచ్చి, కుడి భుజం ఎదురుగా పడుతోంది. అది పడిన ప్రతిసారీ నడుము పాములా ఆ పక్కకి ఊగుతోంది, ఊగిన నడుముని నిలబెట్టడానికి కాళ్లు కత్తెరలా విచ్చుకుంటున్నాయి. చెయ్యి పెట్టే చోట ఒక జానెడు తప్పు, ఒళ్లంతా దానికి జరిమానా కడుతోంది. ‘సార్, స్టేషన్‌లో పట్టాలు చూశారు కదా, ఎక్కడైనా ఒకదాని మీదకి ఒకటి వస్తాయా? ఎడమ చెయ్యి ఎడమ పట్టా మీద, కుడి చెయ్యి కుడి పట్టా మీద’ అన్నారు. బెజవాడలో పుట్టినవాడికి ఇంతకంటే బాగా ఎక్కే మాట లేదు. ఇప్పటికీ మొదటి రెండు లెంగ్త్‌లూ లోపల ‘ఎడమ పట్టా, కుడి పట్టా’ అనుకుంటూనే పోతాను.

చెయ్యి నీళ్లలోకి వెళ్లేటప్పుడు వేళ్ల కొసలు ముందు, తర్వాత మణికట్టు, తర్వాత మోచెయ్యి, మూడూ ఒకే కన్నంలోంచి దూరినట్టు వెళ్లాలి. బొటనవేలు ముందు పెట్టి అరచెయ్యి బయటకి తిప్పొద్దు, భుజం పాడవుతుంది.

తర్వాత లాగడం. అందరూ అరచేత్తో లాగుతారు, మోచెయ్యి కిందకి జారిపోతుంది. అప్పుడు మనం నీళ్లని వెనక్కి నెట్టం, కిందకి నెడతాం. తల పైకి లేస్తుంది తప్ప మనిషి ముందుకి పోడు. పిట్టగోడ మీదుగా వంగి, అవతల పక్కన ఉన్న బకెట్‌ని అందుకోబోతున్నట్టు ఊహించుకోండి. మోచెయ్యి గోడ మీదే ఉంటుంది, ముంజెయ్యి నిలువుగా కిందకి వేలాడుతుంది. నీళ్లలో కావాల్సింది ఆ ఆకారమే. అక్కడి నుంచి అరచెయ్యి, ముంజెయ్యి కలిపి ఒక తెడ్డులా నీళ్లని పట్టుకుని వెనక్కి, తొడ దాకా నెట్టాలి. పట్టు దొరికిందో లేదో తెలుసుకోవడానికి పిడికిలి బిగించి రెండు లెంగ్త్‌లు ఈదండి. అరచెయ్యి లేదు కాబట్టి ముంజెయ్యితోనే నీళ్లు పట్టుకోక తప్పదు. ఆ తర్వాత పిడికిలి విప్పితే చేతికి తెడ్డు కట్టినట్టుంటుంది. నాకు బాగా నచ్చిన డ్రిల్ అదే.

ఊపిరి ఒక పక్కే తీసుకోవచ్చా?

నేర్చుకునేటప్పుడు రెండు పక్కలా సాధన చేయండి, రేసులో మీకు ఏది హాయిగా ఉంటే అది. రెండు పక్కలా ఎందుకంటే, సముద్రంలో కెరటం మీ అలవాటు పక్క నుంచే వచ్చే రోజు ఒకటి ఉంటుంది. ఊపిరి కోసం తల ఎత్తొద్దు. ఒంటితో పాటు తిప్పండి. ఒక గాగుల్ నీళ్లలో, ఒకటి బయట. మనం కదులుతున్నప్పుడు తల పక్కన నీళ్లు చిన్న గుంటలా పడతాయి, నోటికి గాలి అక్కడే దొరుకుతుంది. మొదట్లో ఆ గుంట ఉందని నమ్మడమే కష్టం. నేను నెల రోజులు నమ్మలేదు, అప్పుడు తాగిన క్లోరిన్ నీళ్లకి లెక్క లేదు.

కోచ్ మంచివాడో కాదో ఎలా తెలుస్తుంది?

డబ్బు కట్టేముందు ఒక బ్యాచ్ జరుగుతుంటే గట్టు మీద కూర్చుని అరగంట చూడండి. కోచ్ కళ్లు నీళ్ల మీద ఉన్నాయా, ఫోన్ మీద ఉన్నాయా? ఒక్కొక్కరికి ఒక్కో మాట చెబుతున్నాడా, అందరికీ కలిపి ‘ఫాస్ట్, ఫాస్ట్’ అని అరుస్తున్నాడా? పాటియాలాలోని జాతీయ క్రీడా సంస్థలో ఈత కోచింగ్ చదివినవాళ్లని ఎన్‌ఐఎస్ కోచ్ అంటారు. ఆ పట్టా ఉంటే మంచిదే. అయితే పట్టా ఉన్న ప్రతివాడికీ పెద్దవాళ్లకి నేర్పే ఓపిక ఉండదు. నలభై దాటినవాడికి నీళ్లలో ఉండే భయం, పిల్లలకి ఉండే భయం ఒకటి కావు.

ఇంకో ముఖ్యమైన సంగతి. మన ఊళ్లో చాలామంది కోచ్‌లు పిల్లల్ని 50, 100 మీటర్ల పోటీలకి తయారు చేస్తారు. వాళ్ల దృష్టిలో ఈత అంటే వేగం, కిక్, ఫ్లిప్ టర్న్ (గోడ దగ్గర పల్టీ కొట్టి తిరగడం). మీ లెక్క వేరని మొదటి రోజే చెప్పండి: ‘మాస్టారూ, నాకు 1500 మీటర్లు అలసిపోకుండా కావాలి, ఒడ్డుకొచ్చాక సైకిలెక్కాలి.’ మంచి కోచ్‌కి ఆ ఒక్క మాట చాలు. నేను మొదట చేరిన చోట ఇది చెప్పలేదు. నెల రోజులు కిక్ బోర్డ్ పట్టుకుని తొడలు పగిలేలా కిక్‌లు కొట్టాను. తప్పు వాళ్లది అనను, అడగనిది నేనే.

మంచి కోచ్ ఒకేసారి ఐదు తప్పులు చెప్పడు. మా మాస్టారైతే క్లాసుకి ఒక్కటే చెబుతారు. నేను ఆశగా ‘మరి కాళ్ల సంగతి?’ అంటే ‘కాళ్లు ఎక్కడికీ పోవు సార్, మీతోనే వస్తాయి’ అంటారు.

యూట్యూబ్ చూసి నేర్చుకోకూడదా?

చూడండి, నేనూ చూస్తాను. కాకపోతే ఆ వీడియోలో ఉన్నవాడి తప్పు వేరు, మీ తప్పు వేరు. కోచ్ దొరకనివాళ్లు కనీసం ఎవరితోనైనా మీ ఈతని వీడియో తీయించుకోండి: ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి, వీలైతే నీళ్ల లోపల నుంచి ఒకటి. తీసేముందు పూల్ వాళ్లని అడగండి. పక్క లేన్‌లో ఆడవాళ్లు, పిల్లలు ఉంటే తీయకండి.

వారానికి ఎన్నిసార్లు? ఒక రోజు క్లాస్ ఎలా ఉంటుంది?

మూడుసార్లు, ముప్పావు గంట చొప్పున. ఆదివారం ఒక్కరోజే రెండు గంటలు కుమ్మేయడం వల్ల ఉపయోగం లేదు. ఈత చేతులకి అబ్బేది కొంచెం కొంచెంగా, తరచుగా చేస్తేనే.

మా బుధవారం క్లాస్ ఇలా ఉంటుంది. ముందు 200 మీటర్లు హాయిగా. తర్వాత ఎనిమిది సార్లు ఒక్కో లెంగ్త్, డ్రిల్: ఒక పక్కకి వాలి ఆరు కిక్‌లు, ఒక బార, రెండో పక్కకి వాలి ఆరు కిక్‌లు. పిడికిలి డ్రిల్ నాలుగు లెంగ్త్‌లు. ఆ తర్వాత అసలు పని: ఎనిమిది సార్లు 50 మీటర్లు, మధ్యలో 20 సెకన్ల విశ్రాంతి, ప్రతి దానిలో ఆ రోజు చెప్పిన ఒక్క విషయం మీదే ధ్యాస. చివర్లో 100 మీటర్లు నెమ్మదిగా. మొత్తం కలిపితే 1000 మీటర్లే. పక్క లేన్‌లో ఒకాయన రోజూ ఆగకుండా 2 కిలోమీటర్లు కొడతాడు. మూడేళ్లుగా అదే వేగం, అదే మోచెయ్యి. ఆయన ఆరోగ్యం కోసం కొడుతున్నాడు, ఆయన లెక్క ఆయనకి సరిపోయింది.

అలసిపోయి ఆకారం చెడిపోయాక ఈదిన ప్రతి లెంగ్త్ తప్పుని గట్టిపరుస్తుంది. చెడిపోతోందని అనిపించగానే గోడ దగ్గర ఆగండి.

నేను బాగుపడుతున్నానని ఎలా తెలుసుకోవాలి?

ఒక లెంగ్త్‌కి ఎన్ని బారలు వేస్తున్నారో లెక్కపెట్టండి. నాకు మొదట్లో 25 మీటర్లకి 34 పడేవి, ఇప్పుడు 23. అయితే ఆ అంకెని తగ్గించాలని ప్రతి బారకీ చెయ్యి చాచి జారుతూ ఆగిపోకండి. ఆగితే వేగం చచ్చిపోతుంది, మళ్లీ మొదటి నుంచి నెట్టుకోవాలి.

రెండు నెలలకోసారి మా మాస్టారు సీఎస్‌ఎస్ (క్రిటికల్ స్విమ్ స్పీడ్) పరీక్ష పెడతారు. 400 మీటర్లు మీకు చేతనైనంత వేగంగా ఈది, బాగా విశ్రాంతి తీసుకుని, 200 మీటర్లు అలాగే ఈదాలి. 400 టైమ్‌లోంచి 200 టైమ్ తీసేసి, వచ్చినదాన్ని రెండుతో భాగిస్తే 100 మీటర్లకి మీరు నిలకడగా ఈదగలిగే వేగం వస్తుంది. 400కి 10 నిమిషాలు, 200కి 4 నిమిషాల 40 సెకన్లు పట్టిందనుకోండి. తేడా 320 సెకన్లు, అందులో సగం 160, అంటే 2 నిమిషాల 40 సెకన్లు. సాధనలో వేగం సెట్లన్నీ ఆ అంకె చుట్టూ పెట్టుకోవచ్చు.

కటాఫ్ (ఈత ముగించాల్సిన గడువు) గురించి టెన్షన్ పడేవాళ్ల కోసం: ఐరన్‌మ్యాన్ 70.3లో, అంటే హాఫ్ ఐరన్‌మ్యాన్‌లో, ఈతకి మామూలుగా 1 గంట 10 నిమిషాలు ఇస్తారు. 1.9 కిలోమీటర్లకి లెక్కేస్తే 100 మీటర్లకి సుమారు 3 నిమిషాల 40 సెకన్లు. చాలా ఉందే అనిపిస్తుంది. సముద్రంలో ఎవరూ గీత గీసినట్టు ఈదరు, 1.9 కాస్తా 2.1 అవుతుంది. పూల్‌లో 3 నిమిషాల లోపు నిలకడగా వస్తుంటే గుండె మీద చెయ్యేసుకుని పడుకోవచ్చు. పూర్తి ఐరన్‌మ్యాన్‌కి ఈతలో 2 గంటల 20 నిమిషాలు. ప్రతి రేసుకీ దాని రూల్ బుక్ చూసుకోండి.

ఏ పరికరాలు కొనాలి?

గాగుల్స్, క్యాప్. మిగతావన్నీ కోచ్ చెప్పాకే. తొడల మధ్య పెట్టుకునే పుల్ బాయ్ వల్ల కాళ్లు తేలుతాయి, చేతుల మీద ధ్యాస పెట్టొచ్చు. కానీ అది చేతికర్రలాంటిది, దాన్ని అలవాటు చేసుకుని వదల్లేనివాళ్లని చూశాను. ముఖం ముందు ఉండే ఊపిరి గొట్టం, అంటే స్నార్కెల్, పెట్టుకుంటే ఊపిరి గొడవ లేకుండా చేతులు సరిచూసుకోవచ్చు. చేతులకి తొడిగే ప్యాడిల్స్ మాత్రం తొందరపడి కొనకండి. పట్టు సరిగ్గా రాకుండా ప్యాడిల్స్ తొడిగితే తప్పు పెద్దదై నేరుగా భుజం కీలు మీద పడుతుంది. రేసులో ఇవేవీ ఒప్పుకోరు.

వెట్‌సూట్ (చల్లని నీళ్లలో వేసుకునే రబ్బరు సూటు) కొనమంటారు కొందరు. ఐరన్‌మ్యాన్ నిబంధనల ప్రకారం నీళ్లు 24.5 డిగ్రీలు దాటితే మామూలు పోటీదారులు వెట్‌సూట్ వేసుకుంటే బహుమతుల లెక్కలోకి రారు. మన తీరాల్లో నీళ్లు అంతకంటే వెచ్చగానే ఉంటాయి. ఆ డబ్బు పెట్టి మంచి సైకిలు టైర్లు కొనుక్కోండి.

భుజం నొప్పి పుడుతోంది. ఈత ఆపేయాలా?

పొడిచినట్టుండే నొప్పి అయితే ఆ రోజుకి ఆపండి, తగ్గకపోతే ఫిజియోకి చూపించండి. కండలు పట్టేసిన నొప్పి వేరు, కీలు లోపల నొప్పి వేరు. చాలాసార్లు కారణం పైన చెప్పిన రెండే: చెయ్యి తల దాటి అవతలికి పడటం, బొటనవేలు ముందు పెట్టడం. ఒళ్లు పక్కకి తిప్పకుండా బల్లపరుపుగా పడుకుని చేతులు మాత్రమే తిప్పేవాళ్లకి కూడా వస్తుంది.

పూల్‌లో బాగానే వస్తోంది. సముద్రంలో భయం వేస్తోంది.

నాకూ వేసింది. మొదటి రేసులో కూత వేయగానే జనంతో పాటు పరిగెత్తి నీళ్లలో పడ్డాను. ఎవరిదో మడమ నా గాగుల్స్ మీద తగిలింది, నోట్లోకి ఉప్పునీళ్లు పోయాయి. అడుగున నల్ల గీత లేదు, ఆకుపచ్చని చీకటి తప్ప ఏమీ కనపడలేదు. 150 మీటర్ల దగ్గర ఊపిరి ఆడక, తల పైకెత్తి కాలవ ఈత కొట్టాను. తర్వాత వెల్లకిలా తిరిగి ఆకాశం చూస్తూ ముప్పై లెక్కపెట్టాను. కాపలాగా తిరిగే ఒక కయాక్ (చిన్న పడవ) దగ్గరికొస్తే పట్టుకున్నాను. పట్టుకుంటే అనర్హులవుతారని చాలామంది అనుకుంటారు. ముందుకి లాగించుకోనంతవరకు కయాక్‌ని, దారి గుర్తుగా నీళ్ల మీద తేలే బుడ్డిని (దాన్ని బాయ్ అంటారు) పట్టుకుని సేదతీరొచ్చు. ఏ ఈతైనా కొట్టొచ్చు, ఫ్రీస్టైలే అని నియమం లేదు. ఈ రెండు ముక్కలూ ముందే తెలిసి ఉంటే నాకు సగం భయం తగ్గేది.

దారి చూసుకోవడాన్ని సైటింగ్ అంటారు. మొసలిలా కళ్లు మాత్రమే నీళ్ల పైకి తెచ్చి, ఎదురుగా బాయ్ చూసి, వెంటనే తల పక్కకి తిప్పి ఊపిరి తీసుకోవాలి. ఆరు నుంచి పది బారలకోసారి చాలు. పూల్‌లోనే నేర్చుకోవచ్చు. గట్టు మీద ఒక రంగు సీసా పెట్టి, దాన్ని చూస్తూ ఈదండి. నల్ల గీత చూడకుండా కళ్లు మూసుకుని పది బారలు వేసి, ఎటు పోతున్నారో కూడా చూసుకోండి. (పక్కన ఎవరూ లేనప్పుడే.) నేను ఎప్పుడూ కుడి తాడుకే వెళ్లి తగిలేవాణ్ణి.

రేసులో ముందు ఈదేవాడి పాదాల వెనక ఉండటం తప్పు కాదు. అతను చీల్చిన నీళ్లలో మనకి శ్రమ తగ్గుతుంది. పాదాలు పదే పదే తాకకుండా ఉంటే చాలు.

కృష్ణలో సాధన చేయొచ్చా?

ఒంటరిగా వద్దు, అంతే. ఘాట్ మెట్ల దగ్గర ప్రశాంతంగా కనిపించే నీళ్ల కింద ఏముందో పైకి తెలియదు. బ్యారేజీకి దగ్గరలో గేట్లు ఎప్పుడు ఎత్తుతారో మనకి తెలియదు. వరద రోజుల్లో అసలు ఆ వైపు ఆలోచనే వద్దు. 2024 సెప్టెంబరులో బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్లు వదిలారు, ఊళ్లో అందరం చూశాం. బందరు, ఏలూరు, రైవస్ కాలువల్లో కూడా ఇప్పుడు ఈదమని ఎవరికీ చెప్పను. మా చిన్నప్పటి నీళ్లు కావవి, పైగా సిమెంటు గట్టు ఎక్కడం చాలా కష్టం. గుంటూరువాళ్లు సూర్యలంక బీచ్ అంటారు. అక్కడ కూడా గజ ఈతగాళ్లు, లైఫ్‌గార్డులు ఉన్న వేళ, గుంపుగా, నడుముకి తేలే సంచి కట్టుకుని, ఒడ్డుకి సమాంతరంగా మాత్రమే. నీళ్లు లోపలికి లాగేస్తుంటే ఎదురీదొద్దు, పక్కకి ఈది ఆ లాగుడులోంచి బయటపడండి.

ఆడవాళ్లకి వేరే టైమ్ ఉంటుందా? బట్టల సంగతి?

చాలా పూల్స్‌లో ఆడవాళ్లకి విడిగా ఒక గంట ఉంటుంది, అడిగి తెలుసుకోండి. మోకాళ్ల దాకా, మోచేతుల దాకా ఉండే నైలాన్ లైక్రా సూట్లు దొరుకుతాయి. నూలు బట్టలతో దిగితే నీళ్లు పీల్చుకుని బరువెక్కుతాయి, చాలాచోట్ల దిగనివ్వరు కూడా.

ఏ నెలలో చేరితే మంచిది?

ఏప్రిల్, మే తప్ప ఎప్పుడైనా. వేసవి క్యాంపుల్లో ఒక్కో లేన్‌లో పదిహేను మంది పిల్లలుంటారు, కోచ్‌కి మీ వైపు చూసే తీరిక ఉండదు. జూన్ రెండో వారంలో బడులు తెరిచాక పూల్ ఖాళీ అవుతుంది.

కోచ్ దగ్గర ఎంతకాలం ఉండాలి?

మొదటి మూడు నెలలు వారానికి మూడు క్లాసులూ ఆయన కళ్ల ముందే ఈదాను. తర్వాత వారానికి ఒకటి. ఇప్పుడు నెలకోసారి వీడియో. పోయిన నెల చూసుకుంటే, 800 మీటర్లు దాటి అలసిపోయాక ఎడమ చెయ్యి మళ్లీ కుడి పట్టా మీదకి పోతోంది. మాస్టారు ఏమీ అనలేదు. వీడియో ఆపి, వేలితో చూపించి, వచ్చే నాలుగు వారాలకీ అదే పని ఇచ్చారు.

మొదటి రోజు ఏం తెచ్చుకోవాలి?

గాగుల్స్, క్యాప్, టవల్, నీళ్ల సీసా, ఒక అరటిపండు. ఇడ్లీలు తిని వెంటనే దిగొద్దు. గాగుల్స్ లోపల వేలు పెట్టి తుడవకండి, మంచు పట్టకుండా వేసిన పూత పోతుంది. నీళ్లలో ముంచి దులుపుకుంటే చాలు.